రాబోయే బడికి తలకిందుల సలహాలు

పిల్లలకు ట్యాబ్ ఎప్పుడు కొనాలి, ఏ యాప్ మంచిది, ఏఐ ఏ తరగతి నుంచి నేర్పించాలి అని అడిగే అమ్మానాన్నలకు సలహా చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. దాదాపు అందరి మాటా ఒకటే. తొందరగా మొదలుపెట్టండి, తలా ఒకటి కొనండి, పిల్లలకు చదువులో కష్టం తగ్గించండి అంటారు. ఇక్కడ నేను చెప్పేవన్నీ దానికి ఎదురు సలహాలు. ఆలస్యంగా మొదలుపెట్టండి, తక్కువ కొనండి, కష్టాన్ని మాత్రం పిల్లల దగ్గరే ఉంచండి. వినడానికి మొండిగా ఉంటాయని తెలుసు. వచ్చే ఇరవై ఏళ్లలో బడి బాగా మారుతుందని నేనూ నమ్ముతున్నాను. ఆ మార్పులో ఎక్కువ నష్టపోయేది మామూలు ఇళ్ల పిల్లలే అవుతారేమో అన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

జవాబు చెప్పనివ్వకండి

ఫోనుతో లెక్క ఫొటో తీస్తే చాలు, మెట్టు మెట్టుగా సాధన వచ్చేస్తుంది. ఇంట్లో ట్యూషన్ మాస్టారు ఉన్నట్టే అని సంబరపడతాం. తుర్కియేలో ఒక హైస్కూల్లో సుమారు వెయ్యిమంది విద్యార్థులతో పరిశోధకులు దీన్నే పరీక్షించారు. ఆ ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చిన పిల్లలు అభ్యాస లెక్కల్లో, అది లేని పిల్లల కంటే 48 శాతం మెరుగ్గా చేశారు. ఆ తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ఎప్పుడూ వాడని పిల్లల కంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. తాము తక్కువ నేర్చుకున్నామని ఆ పిల్లలకు తెలియనే లేదు.

అదే ప్రయోగంలో ఇంకో గుంపు కూడా ఉంది. వాళ్లకిచ్చిన చాట్‌బాట్ జవాబు చెప్పదు. టీచర్లు ముందే రాసిపెట్టిన సూచనల ప్రకారం చిన్న చిన్న ఆధారాలు మాత్రమే ఇస్తుంది. ఈ పిల్లలు అభ్యాసంలో మొదటి గుంపును మించిపోయారు, పరీక్షలో దెబ్బ తినలేదు. అయితే ఏ చాట్‌బాటూ వాడని వాళ్లను దాటి ముందుకూ పోలేదు. అంటే ఎంత జాగ్రత్తగా తయారుచేసినా అక్కడ దక్కింది నష్టం లేకపోవడమే. యాప్ అమ్మేవాళ్లు ఈ సగం చెప్పరు కాబట్టి మనమే గుర్తుంచుకోవాలి.

మరి ఏం చేయాలి? అష్టావధానం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పృచ్ఛకులు అడుగుతారు, అడ్డుపడతారు. నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరం దగ్గరా దారి మూసేస్తారు. పద్యం చెప్పాల్సింది మాత్రం అవధానే. మనం ఇప్పుడు యంత్రాన్ని అవధాని పీట మీద కూర్చోబెట్టి, పిల్లల చేత ప్రశ్నలు అడిగిస్తున్నాం. ఈ అమరికే తిరగబడాలి. అవధాని పిల్లే కావాలి, పృచ్ఛకుడు యంత్రం కావాలి. ఇందుకు పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఫోన్‌లో చాట్‌బాట్ తెరిచాక మొదటి వాక్యం ఇలా రాయించండి: ‘‘నేను ఏడో తరగతి. భిన్నాల కూడికలో ఆగిపోయాను. జవాబు చెప్పొద్దు. నా తప్పు నాకే దొరికేలా ఒక్కొక్క ప్రశ్న అడుగు.’’ తెలుగులోనే రాయించండి, దానికి అర్థమవుతుంది. మధ్యలో అది మాట తప్పి జవాబు చెప్పేస్తుంటుంది. అప్పుడు ‘‘చెప్పొద్దన్నాను కదా’’ అని దాన్ని ఆపే అలవాటు కూడా పిల్లలకు రావాలి. ముందు ముందు వాళ్ల చుట్టూ ఇలాంటి యంత్రాలే ఉంటాయి. వాటిని ఆపడం చేతకాని పిల్ల వాటి మీద పెత్తనం చేయలేదు.

ముందు తప్పు రాయించండి

ఫోన్ ముట్టుకోకముందే పిల్ల రఫ్ నోటులో పెన్నుతో తన జవాబు రాయాలి. పెన్సిల్ వద్దు, చెరిపేస్తారు. తప్పో ఒప్పో ఒక ప్రయత్నం కాగితం మీద ఉండి తీరాలి. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాయడం వల్లే చదివింది నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. వాళ్ల ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్లీ చదివినవాళ్లదే పైచేయి అయింది. వారం తర్వాత పెడితే అది తారుమారైంది. మన చదువుల యాప్‌లు అప్పటికప్పుడు తెలిసిపోయిందన్న తృప్తి ఇచ్చేలా తయారవుతున్నాయి. మనకు కావాల్సింది వారం తర్వాత మిగిలే చదువు. అందుకే స్లిప్ టెస్టులను పాతకాలపు హింస అని తీసిపారేయకండి. వాటికి మార్కులు వేయడం మానేయండి, టెస్టులు మాత్రం ఉంచండి.

ఎనిమిదో తరగతి పిల్లను మూడో తరగతి లెక్కల దగ్గర కూర్చోబెట్టండి

ఈ సలహా అమ్మానాన్నలకు బొత్తిగా నచ్చదు. ‘‘మా అమ్మాయి ఎయిత్ క్లాస్ సర్, తీసివేతలు చేయిస్తున్నారేంటి?’’ అని బడికి వచ్చి గొడవపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టింది ఎనిమిదో తరగతికి. కానీ టెక్నాలజీ మన బడికి నిజంగా చేయగల మేలు ఏదైనా ఉందంటే అది ఇక్కడే ఉంది.

కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే పరిశోధకులు ఢిల్లీలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల పిల్లలతో చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం ఇంకా పెరిగింది. వాళ్లందరికీ ఒకే పాఠ్యపుస్తకం, ఒకే పాఠం. మామూలుగా బడికి మాత్రమే వెళ్లిన పిల్లల్లో అట్టడుగు మూడోవంతు వాళ్లకు అధ్యయనం సాగిన కాలంలో కొలతకు అందేంత ప్రగతే కనిపించలేదు. రోజూ బడికొచ్చి కూర్చుంటున్న పిల్లల సంగతి ఇది. చదివిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

అదే అధ్యయనంలో కొందరు పిల్లలు బడి అయ్యాక ఒక కేంద్రానికి వెళ్లారు. అక్కడి కంప్యూటర్ ప్రోగ్రాం ముందు పరీక్ష పెట్టి, ఒక్కొక్కరు ఎక్కడున్నారో కనిపెట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టింది. ఆ తర్వాత చిన్న గుంపుగా కూర్చోబెట్టి చదివించే మనిషి కూడా ఉన్నారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు గట్టిగా ముందుకొచ్చారు. అందులో అట్టడుగు పిల్లలకూ సమానంగా మేలు జరిగింది. తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి పిల్లల్ని గుంపులు చేసి చెప్పే పద్ధతిని ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ కంప్యూటర్లు లేకుండానే చాలా రాష్ట్రాల్లో చేసి చూపించింది. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఎన్నో ఏళ్లు పరిశీలించిన పద్ధతుల్లో ఇదొకటి.

కాబట్టి పేరెంట్స్ మీటింగులో యాప్ చూపించినప్పుడు బొమ్మలు కదులుతున్నాయా, పాట ఉందా అని చూడకండి. ‘‘మా అమ్మాయికి భాగహారం రాదని ఇది కనిపెడుతుందా? కనిపెట్టాక ఐదో తరగతి పాఠానికి తీసుకెళ్తుందా, లేక ఎనిమిదో తరగతి వీడియోనే ఇంకోసారి వేస్తుందా?’’ అని అడగండి. రెండోదే అయితే అది వద్దని చెప్పండి. కనిపెట్టేదైతే, ఇంటికొచ్చి పిల్లను చిన్నబుచ్చకండి. ‘‘ఇంకా తీసివేతలేనా’’ అన్న ఒక్క మాటతో నెలల తరబడి చేసిన పనంతా పాడవుతుంది.

తలా ఒకటి కొనకండి

పెరూ దేశం పేద పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. పిల్లకో ల్యాప్‌టాప్ అన్నది 2005లో ఎంఐటీకి చెందిన నికొలస్ నెగ్రొపాంటె ప్రపంచం ముందు పెట్టిన ఆశయం. పెరూలోని 319 బడుల్లో ఫలితాలు పరిశీలించి 2012లో వెలువరించిన నివేదికలో లెక్కల్లో గానీ భాషలో గానీ మెరుగుదల కనబడలేదు. ఆశయం చెడ్డదని నేననను. యంత్రం అందగానే చదువు అందినట్టే అనుకోవడంలో ఉంది పొరపాటు.

ముగ్గురికి ఒకటి కొనండి. 1999లో సుగత మిత్రా అనే పరిశోధకుడు ఢిల్లీ కాల్కాజీలో తన ఆఫీసు గోడకు కన్నం చేసి కంప్యూటర్ పెట్టినప్పుడు, బస్తీ పిల్లలు గుంపుగా చేరి, ఒకరికొకరు చెప్పుకుని, వాదించుకుని వాడటం నేర్చుకున్నారు. ఆ ప్రయోగం నుంచి టీచర్లే అక్కర్లేదనే దాకా వెళ్లినవాళ్లతో నేను ఏకీభవించను. కానీ పిల్లలు పక్కపక్కన కూర్చుని ‘‘అది కాదురా, ఇక్కడ నొక్కు’’ అనుకోవడంలో ఉన్న చదువు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు దొరకదు. ఒకరు టైపు చేయాలి, ఒకరు నోటులో రాయాలి, మూడో వాళ్లు ఒప్పుకోకుండా ప్రశ్నించాలి. పది నిమిషాలకోసారి పనులు మార్చాలి, లేకపోతే బలమున్నవాడే మౌస్ వదలడు. ఆడపిల్లల వంతు ఎప్పుడూ చివరికి పోకుండా టీచరు కనిపెట్టుకుని ఉండాలి. మిగిలిన డబ్బుతో అచ్చు పుస్తకాలు కొనండి. తరగతి గదుల్లో తెరలు బాగా పెంచిన స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పాఠ్యపుస్తకాలకు ప్రభుత్వ డబ్బు కేటాయించింది.

ఫోన్ వాడటం రాకపోతే పిల్లలు వెనకబడిపోతారన్న బెంగ పెట్టుకోకండి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. నొక్కడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన పనీ లేదు.

యంత్రం ముందు టీచరు చేతికి వెళ్లాలి

బడిని యంత్రమే మార్చేస్తుందన్న ఆశ కొత్తది కాదు. సినిమా వచ్చింది కాబట్టి బడిలో పుస్తకాల పని త్వరలో అయిపోతుందని థామస్ ఎడిసన్ 1913లోనే అన్నాడు. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి చదువుల కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. 2020లో బడులు మూతపడితే తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లు పాఠాలు ప్రసారం చేశాయి. ఆంధ్రలో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. ఆ కష్టకాలంలో అవి చేసిన మేలు చిన్నది కాదు. అయినా తెర ముందున్న పిల్ల అర్థం కాలేదని చెయ్యెత్తితే చూసేవాళ్లు లేరు.

1975 నాటి ఉపగ్రహ టీవీ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్సు ఎలా చెప్పాలో టీవీ ద్వారా సెలవుల్లో శిక్షణ ఇచ్చారు. పిల్లల కంటే ముందు టీచరు. ఏఐ విషయంలోనూ ఇదే వరస కావాలి. ఒక్క టీచరు ముందు నలభైమంది, ఐదు రకాల స్థాయిలు ఉన్నప్పుడు, ఒకే పాఠానికి ఐదు రకాల అభ్యాస పత్రాలు ఒక సాయంత్రంలో తయారుచేసిపెట్టే సాయం చిన్నదేమీ కాదు. ఆమె వాటిని సరిచూసి, తప్పులు తీసేసి, ఎవరికి ఏది ఇవ్వాలో తనే నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని యంత్రానికి వదలకండి. హెచ్‌ఎంలకు ఇంకో మాట. పరికరాలు కొన్న రోజునే రిపేరు డబ్బు వేరుగా తీసిపెట్టండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాసుకోండి, తరగతి గదిలో ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టుకోండి. పాడవుతాయేమోనన్న భయంతో బీరువాలో పెట్టి కాపాడిన యంత్రం ఎవరికీ ఏమీ నేర్పదు.

ఎక్కాలు బట్టీ పట్టించండి

కాలిక్యులేటర్ ఉండగా ఎందుకంటారు. ఏడెనిమిదులు ఎంతో వెతుక్కోవడానికి ఆగిన పిల్ల, పొడవైన భాగహారంలో తను ఎక్కడుందో మర్చిపోతుంది. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి చాలా కొద్ది. ఇరవై దాకా ఎక్కాలు నోటికి వస్తే ఆ చోటంతా ఆలోచనకు మిగులుతుంది. యంత్రం చెప్పిన అంకె ఎక్కడో తేడాగా ఉందని అనుమానం రావడానికి కూడా ముందు నోటికి కొన్ని అంకెలు వచ్చి ఉండాలి.

యంత్రం రాసిన తెలుగును పిల్లల చేత దిద్దించండి

రాబోయే బడిలో చాలా పాఠాలు, చాలా వ్యాసాలు యంత్రాలే రాస్తాయి. ఈ యంత్రాలు ఎక్కువగా ఇంగ్లిష్ చదివి పెరిగాయి. వాటి తెలుగు వాక్యాల్లో అక్షరాలు మనవే కానీ వాక్యం కట్టు తరచూ మనది కాదు. పరీక్షలో మార్కులు వస్తున్నాయి కదా అని ఊరుకుంటే, పదేళ్లలో పిల్లలు అదే తెలుగు అనుకుంటారు. అందుకని దాన్ని హోంవర్క్‌గా మార్చండి. వరి నాట్ల గురించో, బోనాల గురించో, ఊరి చేపల చెరువు గురించో ఒక పేజీ యంత్రం చేత రాయించి ప్రింటు తీసివ్వండి. పిల్లలు దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, ఆ పని చేసినవాళ్ల ముందు పైకి చదవాలి. ‘‘ఇట్లా అనం బిడ్డా’’ అని నాయనమ్మ అన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత గీసి, ఆమె చెప్పిన మాట పక్కన రాయాలి. ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే ఆ మాటలు కూడా తెలుగు లిపిలో అక్కడే రాయించండి. యంత్రాలకు ఆ భాషలు తెలిసింది ఇంకా చాలా తక్కువ. దిద్దిన పేజీ కింద పిల్ల పేరు, మాట చెప్పిన పెద్దమనిషి పేరు రెండూ ఉండాలి. ఏడాది చివర ఆ పేజీలన్నీ కుట్టి బడి లైబ్రరీలో ఒక నంబరు వేసి పెట్టండి, తర్వాతి ఏడాది ఆరో తరగతికి చదవాల్సిన మొదటి పుస్తకంగా అదే ఇవ్వండి.