అరికాలు చూడలేదు

ఎండంటే నాకున్న భయమంతా రంగు గురించే. పెళ్లికి ముందూ అంతే, పిల్లల తల్లినయ్యాకా అంతే. గొడుగు లేనిదే గుమ్మం దాటేదాన్ని కాదు. సన్‌స్క్రీన్ రాసుకున్నా నల్లబడకూడదనే రాసుకున్నాను. మా ఆడపడుచు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంటుంది. అక్కడి బడుల్లో టోపీ లేని పిల్లల్ని ఎండలో ఆడుకోనివ్వరని తను చెబితే, తెల్లవాళ్ల ఒళ్లు సుకుమారం, వాళ్లకి అవన్నీ కావాలిలే అనుకున్నాను. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బనీ, అదీ ఎండ వల్లే వస్తుందనీ నా మనసులో స్థిరపడిపోయింది.

ఇందులో సగం నిజముంది. మన చర్మంలోని మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాతో పోలిస్తే మన దేశంలో ఈ జబ్బు చాలా అరుదు. ఆ సగం నిజాన్ని పట్టుకునే నేను మా బాబాయికి అన్యాయం చేశాను.

బాబాయి మిరప రైతు. చేలోకి చెప్పులతో దిగేవాడు కాదు. ఒక సంక్రాంతికి వెళ్లినప్పుడు పిన్ని నన్ను పిలిచి ఆయన మడమ చూపించింది. సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. ఒక పక్క చిక్కటి నలుపు, ఇంకో పక్క గోధుమరంగు, అంచులు వంకరటింకర. "పోయినేడు ఇంత లేదమ్మాయ్" అంది పిన్ని. ఇంట్లో నలుగురిలో చదువుకున్నదాన్ని నేనే. టీచరమ్మ చెప్పిందంటే వాళ్లకి గురి. "ముల్లు విరిగి లోపల రక్తం గడ్డకట్టుంటుంది పిన్నీ, కాకపోతే ఆనెకాయ" అన్నాను. ఆనెకాయలకు వేసే పట్టీలు కొనిచ్చి వచ్చేశాను.

పోయినేడు ఇంత లేదు. మచ్చ పెరుగుతోందని అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? అక్షరం రాని పిన్ని సరిగ్గా చూసింది. బి.ఎస్సీ. చదివిన నేను చూడలేదు.

తర్వాత అది పగిలి రక్తం కారడం మొదలైంది. గజ్జల్లో బిళ్ల కట్టింది. అప్పుడు పట్నం తీసుకెళితే ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అన్నారు. అప్పుడు కూడా నా నోట వచ్చిన మాట, "అరికాలికి ఎండెక్కడ తగులుతుంది డాక్టరుగారూ?" అని. ఆయన ఓపికగా చెప్పాడు. ఈ రకానికి ఎండతో పెద్దగా పనిలేదట. మన రంగు వాళ్లకి మెలనోమా వస్తే అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద రావడమే ఎక్కువట. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బ అనుకున్నారు మొదట. మెలనోమా అని 1977లో తేలింది. 1981లో పోయాడు, 36 ఏళ్లకే.

ఎండ ఊసే లేని చర్మ క్యాన్సర్లు మన దేశంలో ఇంకా ఉన్నాయి. కశ్మీర్‌లో చలికి ఫిరన్ అనే వదులు అంగీ లోపల పెట్టుకునే కాంగ్డీ అనే నిప్పుల కుంపటి వేడికి తొడల మీద, పొట్ట మీద వచ్చేదాన్ని కాంగ్డీ క్యాన్సర్ అంటారు. ఎప్పుడో కాలిన మచ్చ మీద, ఏళ్ల తరబడి మానని పుండు మీద వచ్చేదాన్ని మార్జోలిన్ అల్సర్ అంటారు. పొయ్యి దగ్గర కొంగు అంటుకుని కాలిన ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! ఆ పాత మచ్చ మళ్లీ పుండైతే పసుపు అద్ది ఊరుకుంటాం.

ఎండ నిజంగా హాని చేసేవాళ్లు నా కళ్లెదుటే ఉన్నా గుర్తించకపోవడం నేను చేసిన ఇంకో తప్పు. నా క్లాసులో ఆల్బినిజంతో పుట్టిన పిల్లాడొకడు ఉండేవాడు. ఒంట్లో మెలనిన్ దాదాపు ఉండదు కాబట్టి అలాంటి పిల్లలకు ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. వాడు టోపీ పెట్టుకొస్తే యూనిఫాంలో లేదని తీయించాను. డ్రిల్లు పీరియడులో అందరితోపాటు మైదానంలో నిలబెట్టాను. చామనఛాయ ఒంటికి గొడుగు పట్టుకున్నదాన్ని, ఆ పసివాడి నెత్తిన టోపీ ఉండనివ్వలేదు. తర్వాత వాళ్లమ్మను కలిసి క్షమాపణ అడిగాను. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్ వాడికి మందులాంటివని అప్పటికి తెలుసుకున్నాను. మబ్బు పట్టినా అతినీలలోహిత కిరణాలు చాలావరకు కిందికి దిగుతాయనీ, ఒంటికి తెలిసే వేడి వేరు, ఆ కిరణాలు వేరనీ కూడా అప్పుడే తెలిసింది. చల్లగా ఉందని టోపీ మానకూడదు.

బాబాయికి మడమ మీది మచ్చ కోసి తీశారు, గజ్జల్లో బిళ్లలు తీశారు. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. ఆయన ఇప్పుడు లేడు. ఆ సంక్రాంతికే చూపించి ఉంటే తప్పక బతికేవాడని నేను చెప్పలేను. కానీ మెలనోమా పలచగా ఉన్నప్పుడే కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. ఆ అవకాశం ఆయనకు దక్కకుండా చేసింది నా మాట. పిన్ని నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు.

కాళ్లు కడుక్కున్నప్పుడు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేని పెద్దవాళ్లుంటే వాళ్లవి మీరు చూడండి. పెరుగుతున్న, రంగు మారుతున్న నల్లమచ్చ కనిపించినా, ఒక్క గోరు మీదే నల్లచార వచ్చి వెడల్పవుతున్నా, వారాలు గడిచినా పుండు మానకపోయినా చర్మవైద్యుడికి చూపించండి. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఏం కాదులే అన్నా సరే, చూపించండి.