గంట మోగినా దిగరు!

2003 జూన్ 21, లాస్ ఏంజెలిస్. హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ లెనాక్స్ లూయిస్‌కు అదే ఆఖరి పోరు. అసలు ప్రత్యర్థి గాయపడితే, రెండు వారాల ముందు పిలుపొచ్చిన విటాలీ క్లిచ్‌కో ఆరు రౌండ్లకు ముగ్గురు జడ్జీల లెక్కలోనూ 58-56తో ముందున్నాడు. ఇంతలో లూయిస్ గుద్దుకు కంటిపైన చీరుకుపోయిన గాయం చూసి డాక్టరు ఆట ఆపించాడు. గెలుపు లూయిస్‌ది. తర్వాత రీమ్యాచ్ ఆడకుండానే 2004 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు.

అంతే! ‘పారిపోయాడు’ అని ఒక వర్గం, ‘ఏడో రౌండులో పడగొట్టేవాడే’ అని మరో వర్గం. జరిగిన ఆరు రౌండ్ల కంటే జరగని ఏడో రౌండునే అందరూ బాగా చూశారు! హోలీఫీల్డ్‌ను, టైసన్‌ను ఓడించినవాడు, తనను ఓడించిన మెకాల్, రహ్మాన్ ఇద్దరి మీదా బాకీ తీర్చుకున్నవాడు... అదంతా ఎవరిక్కావాలి?

గాయం మానింది. క్లిచ్‌కో కీవ్ మేయరయ్యాడు. లూయిస్ హాయిగా విశ్రాంతిలో ఉన్నాడు. రింగు దిగనిది అభిమానులే. వాళ్ల పోరు ఆపే డాక్టరే దొరకడం లేదు!