పైన పటారం, లోన ఆల్టర్నేటర్

పాత కారు యజమానికి కోరికలు రెండు. కారు తాతగారు కొన్ననాడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. పొద్దున్నే మాత్రం మనవడి కారులా ఒక్క తాళం తిప్పుకే స్టార్టవ్వాలి. మధ్యలో నలిగేది బెజవాడ ఆటోనగర్ ఎలక్ట్రీషియన్.

నాకు తెలిసిన ఓ పెద్దమనిషికి అంబాసిడర్ మార్క్ 2 ఉంది. దాని డైనమోది పాతకాలపు జమీందారు స్వభావం. బండి పరుగులో ఉంటేనే ఛార్జింగ్ ఇస్తుంది, అదీ మహా అయితే 20, 22 ఆంపియర్లు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగామా, డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు. ఆ పైన హెడ్‌లైట్లు, వైపర్లు, హారన్ ఒకేసారి వాడదామనుకుంటే అది మన అత్యాశ.

ఇక ఇగ్నిషన్. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే ప్లాటినం పాయింట్లు. కామ్ తిరిగినప్పుడల్లా విడిపోయి కాయిల్‌లో కరెంటు తెంపుతాయి, ఆ తెంపుకే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజినీరు 1910 నాటి కాడిలాక్ కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. పాయింట్ల మధ్య సందు 15 థౌ, అంటే అంగుళంలో 15 వెయ్యో వంతులు ఉండాలి; మిల్లీమీటరులో మూడో వంతు పైచిలుకు. అది అరిగి దగ్గరపడితే దారి పక్కన బానెట్ ఎత్తి, అగ్గిపెట్టె గరుకు వైపుతో పాయింట్లు గీకి, విజిటింగ్ కార్డు మందాన సందు పెట్టి వెళ్లిపోయేవారు. విజిటింగ్ కార్డుకి అంతకు మించిన ప్రయోజనం నేనైతే చూడలేదు.

పెద్దమనిషి విసిగిపోయి రెండూ మార్పించాడు. పాయింట్ల స్థానంలో అయస్కాంతాల ఉంగరం, దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. డైనమో స్థానంలో, ఐడ్లింగ్‌లోనూ ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్. ఇంతవరకూ తెలివైన పనే. ఆ తర్వాతే దాపరికం మొదలైంది. అచ్చం డైనమోలా కనిపించే ఆల్టర్నేటర్ తెప్పించాడు. డిస్ట్రిబ్యూటర్ నుంచి బయటికొచ్చే ఎర్ర తీగకి పాత గుడ్డ తొడుగు వేయించాడు.

"ఎవరికి భయపడి సార్ ఇదంతా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ర్యాలీలో జడ్జీలు చూస్తారయ్యా!"

ఆ జడ్జీల కార్లకీ ఆల్టర్నేటర్లు బిగించింది తనేనని ఎలక్ట్రీషియన్ చెప్పలేదు. వృత్తి ధర్మం.

సర్కారు భయమా అంటే అదీ కాదు. 2021 నాటి వింటేజ్ నిబంధన ఆరా తీసేది చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పుల గురించి. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కడితే పదేళ్ల రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు. కాకపోతే ఆ బండి రోజూ రోడ్డెక్కకూడదు. ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో, పెట్రోలు కొట్టించడానికో మాత్రమే తీయాలి. అంటే, ఇంత ఖర్చుపెట్టి సాధించిన నమ్మకమైన ఛార్జింగ్ అంతా పెట్రోలు బంకు దాకా వెళ్లిరావడానికన్నమాట.

పెద్దమనిషికి మాత్రం ఇంకో వెలితి పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు వెలగడం లేదు, చూసేవాళ్లకి అనుమానం రాదూ? మళ్లీ ఆటోనగర్ వెళ్లి, స్టీరింగ్ కింద చిన్న స్విచ్ పెట్టించుకున్నాడు. జడ్జీలు వంగి చూసినప్పుడు వేస్తాడట.