గెట్టు మీది సిరియస్

జనగామలో ఒక ఫిజిక్స్ సారుకు రిటైరయ్యాక చుక్కల పిచ్చి పట్టింది. టెలిస్కోపు కొంటాడేమోనని ఇంట్లో భయపడ్డారు గానీ, ఆయన పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచుకుని టాప్‌క్యాట్ వేసుకున్నాడు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో మార్క్ టేలర్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. చుక్కల జాబితాలను తెరుస్తుంది, జల్లెడ పడుతుంది, బొమ్మ గీస్తుంది. ఆకాశం చూడటానికి డాబా ఎక్కాల్సిన పని లేదు. మోకాళ్లకు అదే నచ్చింది.

యూరప్ వాళ్ల గయా ఉపగ్రహం 2022 జూన్‌లో ఇచ్చిన జాబితాలో 180 కోట్లకు పైగా వరసలున్నాయి. అందులోంచి సారు కృత్తికలను అడిగాడు. స్థానం దగ్గర 3.79 అని కొట్టాడు. వచ్చినవి ఉత్తరాభాద్ర దగ్గరి చుక్కలు!

పరిష్కారం భూపాలపల్లి నుంచి వచ్చింది. మేనల్లుడు సింగరేణిలో సర్వేయరు. బాయి దిగితే ఫోన్ కలవదు, కాబట్టి డ్యూటీ అయ్యేదాకా కృత్తికలు ఆగాయి. "మామా, నువ్వేసింది గంటల లెక్క. అది డిగ్రీలడుగుతున్నది. పదిహేనుతోని గుణించు." 56.85 వేయగానే దొరికాయి.

చుక్కలు ఏడాదికి ఎటు, ఎంత జరుగుతాయో చెప్పే సొంత చలనాలను గ్రాఫు గీస్తే కృత్తికలన్నీ ఒకచోట గుంపుగా కనిపించాయి. ముందూ వెనకా ఉన్న పరాయి చుక్కలు చెల్లాచెదురైపోయాయి. గుంపు చుట్టూ మౌస్‌తో గీత గీస్తే చాలు, అదొక ఉపజాబితా. తర్వాత రంగు, ప్రకాశం గ్రాఫు తలకిందులుగా వచ్చింది. ప్రకాశమానం ఎప్‌సెట్ ర్యాంకు లాంటిది, అంకె తగ్గేకొద్దీ ఘనత. వై ఫ్లిప్ నొక్కితే నిటారుగా నిలబడింది.

మానుకోట నుంచి మిర్చి సంచితో వచ్చిన బామ్మర్ది స్క్రీన్ మీద పారలాక్స్ నిలువు వరస చూశాడు. వెయ్యిని ఆ అంకెతో భాగిస్తే దూరం పార్సెక్కుల్లో వస్తుందని సారు చెప్పాడు. కొన్నిటి ముందు మైనస్ ఉంది.

"మైనస్ దూరమంటే ఎటు పోవాలె బావా?"

మసక చుక్కల్లో కొలత లోపం అసలు అంకెను మింగేస్తుంది, అందుకే సున్నా కిందికి జారుతుంది. అలాగని మైనస్‌లన్నీ ఏరి పారేస్తే సగటు వంకరపోతుంది. బామ్మర్ది తల ఊపాడు, అర్థమయ్యో, టీ వచ్చిందనో.

అసలు ఉత్సాహం పాత జాబితాల్లో హైదరాబాద్ పేరు కనబడ్డాక పుట్టింది. 1887లో పారిస్‌లో తలపెట్టిన ఆకాశ పటం కోసం అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వంతులేసి పంచుకున్నప్పుడు శాంటియాగోకు పడ్డ వంతు, వాళ్లు చేయకపోవడంతో, బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. క్రాంతి మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ. డైరెక్టర్లు పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ హయాంలో గాజు ఫలకాల మీద చుక్కలను చేత్తో కొలిచి, 1917 నుంచి 1946 దాకా 12 సంపుటాలు అచ్చేశారు. ఏడు లక్షలకు పైగా చుక్కలు! ఆ కొలతలు కంప్యూటర్‌కెక్కాయి; 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో చలనాలు లెక్కకట్టడానికి పనికొచ్చాయి.

సారు వాటిని గయాతో జతచేయబోయాడు. టాప్‌క్యాట్ మామూలుగా ఒక ఆర్క్‌సెకనులోపు వెతుకుతుంది. ఏడాదికి అర సెకను నడిచే చుక్క నూరేళ్లలో యాభై సెకన్లు దూరం పోయి ఉంటుంది. కాబట్టి 2016 నాటి గయా స్థానాలను ఫలకం తీసిన నాటికి వెనక్కి నడిపించాలి.

"సిరియస్ మన వంతేనా?" బామ్మర్ది అడిగాడు.

దాని క్రాంతి మైనస్ 16.7. పదహారు దాకా మెక్సికోలోని టకుబాయాది, పదిహేడు నుంచి మనది. సారు భూపాలపల్లికి ఫోన్ కలిపాడు.

"గెట్టు మీద పడ్డది మామా," అన్నాడు సర్వేయరు. "పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కినయి గదా, ఇద్దరి నక్షల వస్తది."

"కిరికిరే," అన్నాడు బామ్మర్ది.