శాలువా మందం, కవరు పలచన

సిద్దిపేటలో పెళ్లీడు కొడుకున్న తండ్రిని ఎవరైనా మొదట అడిగేది "పిలగాడు ఏం జేస్తడు?" అని. మా బాపు దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. అడిగినవాళ్లు నచ్చితే "కంప్యూటర్ పని" అంటాడు. నచ్చకపోతే "పటం కథలు చెప్తడు" అంటాడు. రెండో జవాబు విన్నవాళ్లెవరూ మళ్లీ ఫోన్ చేసిన దాఖలా లేదు గనుక ఆయన దాన్ని పొదుపుగా, అవసరమైన చోటే వాడతాడు.

రెండూ నిజమే. రాత్రిపూట నేను ఫొటో స్టూడియోలకు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసిపెడతాను. పన్నెండు బై ముప్పై ఆరు కరిజ్మా షీట్లు, షీటుకింత అని లెక్క. జీతం లేదు, పీఎఫ్ లేదు, బాస్ కూడా లేడు. బాస్ బదులు పెళ్లివారి చుట్టాలుంటారు. "అన్నా, బరాత్‌ల మా బామ్మర్ది డాన్సు తీసెయ్, వాడు మాతోని మాట్లాడ్తలేడు" అని ఒక ఫోను. అతన్ని తీసేసి, ఆ ఖాళీలో రెండు గులాబీలు పెట్టి, ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో ఫోను: "అన్నా, రాజీ అయింది. పెట్టెయ్. కొంచెం పెద్దగ పెట్టు."

రెండో పని పటం కథ. చేర్యాల నకాషీలతో బొమ్మలు గీయించుకున్న పటాన్ని గోడకు వేలాడదీసి, ఒక్కో గడినీ కర్రతో చూపిస్తూ మా ఊరి కథలు చెప్తాను. కోమటిచెరువు మీద వేలాడే వంతెన కథ, ఐటీ టవర్ పక్కన చాయ్ డబ్బా పెట్టుకున్నవాడి కథ, ఇలాంటివి. హైదరాబాద్‌లో గ్యాలరీలు, కేఫ్‌లు, అప్పుడప్పుడు కాలేజీలు పిలుస్తాయి. వాళ్లు దీన్ని 'పర్ఫార్మెన్స్' అంటారు. మా అమ్మ "పోరడు మళ్ల గుడ్డ సంకల పెట్టుకొని పోయిండు" అంటుంది.

పటం చూపించి కథ చెప్పడం నేను కనిపెట్టింది కాదు. చేర్యాల మా జిల్లాలోనే ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత వరంగల్ నుంచి మా వాటాకు వచ్చింది. ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత పూస్తారు. నేలంతా ఎర్రరంగు. మొదటి గడిలో గణపతి, ఆ తర్వాత కథ మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది. పాత పటాలు చాలా గజాల పొడవుండేవి, కథ రాత్రుళ్లకు రాత్రుళ్లు సాగేది. ఎవరి కథకులు వారికే: పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అన్నది మిరాశీ హక్కు. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పకూడదు. వచ్చిన కథకులకు తిండి, బస, గింజలు, పైసలు ముట్టజెప్పడం ఆ కులంవాళ్ల బాధ్యత.

ఆ ఏర్పాటులో కులం ముడి ఉంది, చెయ్యి చాచి నిలబడే తలవంపు ఉంది. అవి తిరిగి రావాలని నేను కోరను. కానీ షీటుకింత అని బతికేవాడిగా ఆలోచిస్తే మాత్రం కళ్లు చెమరుస్తాయి. హద్దులు గీసి ఇచ్చిన క్లయింట్లు! రేటు తగ్గించి వెనకనుంచి వచ్చే పోటీదారు లేడు! నా సంగతి చూడండి. నేను రాత్రంతా మేలుకుని చేసే షీటును మా గల్లీలోనే ఇంటర్ చదివే పిల్లవాడు సగం రేటుకు చేస్తానని స్టూడియోలన్నీ తిరుగుతున్నాడు. పైగా కనబడితే "నమస్తే అన్నా" అంటాడు, తిట్టడానికి కూడా వీల్లేకుండా.

మా బాపుకు నా మీద కోపం వచ్చినప్పుడల్లా కాపు రాజయ్య గారి పేరు ఎత్తుతాడు. 1925లో పుట్టిన ఆ సిద్దిపేట చిత్రకారుడు నకాషీ పద్ధతిని తన కుంచెలోకి తెచ్చుకుని బోనాలను, పల్లె జనాన్ని గీశారు. ఊళ్లో లలిత కళా సమితి పెట్టి ఎందరికో బొమ్మలు నేర్పారు. "ఆయన డ్రాయింగ్ సారుగ చేసుకుంటనే గింత పేరు దెచ్చిండు, నీకేమైంది?" అంటాడు బాపు. సారుకు ఒకటో తారీఖున జీతం వచ్చేదని నేను గుర్తుచేస్తాను. ఆ వాదన ఎప్పుడూ అక్కడితో ఆగి, భోజనాల వైపు తిరుగుతుంది.

నాకు తారీఖులు పంచాంగం ఇస్తుంది. మూఢం పడితే పెళ్లిళ్లుండవు. అప్పుడు నేను పూర్తి కాలపు కళాకారుణ్ణి, అంటే జేబు ఖాళీ. మాఘ ఫాల్గుణాలు వస్తే ముహూర్తాలన్నీ ఒక్కసారే పైనపడతాయి. సరిగ్గా అప్పుడే కొమురవెల్లి మల్లన్న జాతర. సంక్రాంతి తర్వాత ఆదివారాలతో మొదలై ఉగాది దాకా సాగుతుంది. శివరాత్రికి ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, పిండి, ఆకుపచ్చ పొడితో నేలమీద పెద్దపట్నం వేస్తుంటే చూడకుండా నేనుండలేను. ఒగ్గు కథలో ప్రధాన కథకుడు ఒక మాట అంటే పక్కవాడు అందుకుంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, ఎగతాళి చేస్తాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ కూడా కథలోకి దూరుతుంది. హైదరాబాద్ గ్యాలరీలో అంతా నిశ్శబ్దం. ఊఁ కొట్టేవాడు ఉండడు. కథ సగంలో ఎవరైనా దగ్గితే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇక పారితోషికం. ఈ రంగంలో నేను కనిపెట్టిన సూత్రం ఒకటే: శాలువా ఎంత మందమో కవరు అంత పలచన. జరీ అంచు కనిపించిందంటే కవరు లేనట్టే. జ్ఞాపిక కూడా ఇస్తే తిరుగు ఛార్జీలు మనవే. ఈ శాలువాలు చలికి ఆగవు, తల తుడుచుకుందామంటే నీళ్లు పీల్చవు. మా అమ్మ వాటిని కూలర్‌కు, ఇన్వర్టర్‌కు, కుట్టుమిషన్‌కు కప్పింది. మా ఇంట్లో కూలర్‌కు జరిగినన్ని సన్మానాలు జిల్లాలో ఏ కళాకారుడికీ జరిగి ఉండవు.

హైదరాబాద్ వెళ్లడానికి నేను రైలెక్కుతాను. సిద్దిపేటకు రైలు వచ్చింది 2023 అక్టోబర్ 3న. అది గజ్వేల్, మనోహరాబాద్ చుట్టేసి సికింద్రాబాద్ చేరేలోగా రాజీవ్ రహదారి మీద బస్సు ఎప్పుడో జేబీఎస్‌లో దిగబెడుతుంది. అందరూ ఆ ఆలస్యాన్ని తిడతారు. నాకు అదే కావాలి, హైలైట్స్ వీడియో రెండర్ కావడానికి సరిగ్గా సరిపోతుంది. ఒడిలో ల్యాప్‌టాప్, భుజాన చుట్టిన పటం. ఒకరోజు అలా కూర్చుంటే "పరదాలు అమ్ముతవా బిడ్డా?" అని అడిగింది ఒకామె. అమ్మనన్నాను. "మరేం జేస్తవ్?" అంది. బాపు పక్కన లేడు, ఏ జవాబు వాడాలో తోచలేదు.

ఆ రోజు ప్రదర్శన బంజారాహిల్స్ వైపు ఒక గ్యాలరీలో. డప్పు చప్పుడు, వెనక తెరమీద చెరువు దృశ్యాలు అన్నీ ల్యాప్‌టాప్ నుంచే. వంతెన కథ మంచి పట్టులో ఉండగా తెరమీద, చెరువు నీళ్ల నడుమ, రెండడుగుల అక్షరాలతో స్టూడియో తమ్ముడి మెసేజ్ తేలింది: "అన్నా మేనత్తను ఎందుకు తీసేసినవ్". వెనకే ఇంకొకటి: "మేనత్త లేకుంటే పైసలియ్యరట". మూడోది: "24వ షీట్ల మేనత్తను పెట్టు. నవ్వేది కావాలె".

సంగతేమిటంటే, ఆవిడ పెళ్లికొడుక్కి మేనత్త అయితే, పెళ్లికొడుకు తల్లికి ఆడబిడ్డ. తల్లి రహస్యంగా నాకు ఫోన్ చేసి "గామె ఫొటోలు తక్కువ వెట్టు తమ్మీ" అని చెప్పింది. తండ్రి ఆల్బమ్ చూసి చెల్లెలేదని లేచాడు. ఇదంతా నాకు తెలుసు. గ్యాలరీవాళ్లకు తెలియదు. ఒక్క క్షణం మౌనం, ఆ తర్వాత చప్పట్లు. నేనింతవరకు విననంత చప్పట్లు.

ప్రశ్నల సమయంలో చేనేత లాల్చీ వేసుకున్న ఒక పెద్దమనిషి లేచి, "ఆ మేనత్త... మనం మరిచిపోయిన పల్లె కదూ?" అన్నారు. మీకలా అనిపిస్తే నా కష్టం ఫలించినట్టేనన్నాను. నోట్సు రాసుకుంటున్న అమ్మాయి "ఇరవై నాలుగు అంటే గంటలా సార్?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. గ్యాలరీలో నవ్వి ఊరుకోవడం గొప్ప జవాబు. అదే నవ్వు స్టూడియోలో నవ్వితే షీటుకు పది రూపాయలు కోస్తారు.

కానీ తిరుగు రైల్లో మేనత్తను వెతుకుతూ కూర్చుంటే నాకొకటి తట్టింది. ఆల్బమ్‌లోనూ మొదటి షీటు గణపతిదే. తర్వాత గడులు గడులుగా ఒక వంశం కథ: ఎదుర్కోళ్లు, జీలకర్రబెల్లం, అప్పగింతలు. కథ ఎవరిదో వాళ్లే పోషకులు, వాళ్ల బొమ్మ పెద్దగా ఉండాలి, పక్కింటివాళ్ల పటం కన్నా మన పటం పొడవుండాలి. కూనపులివాళ్లు రాత్రంతా మేల్కొని చెప్పిందీ ఇదే కదా. పటం కథ మానుకోమని బాపు గోల చేస్తుంటాడుగానీ, నేను మాఘమాసమంతా చేసేది అదే, కాకపోతే లామినేషన్ ఉంటుంది.

గ్యాలరీ శాలువా మంచి మందం. దాన్ని అమ్మ ఫ్రిజ్‌కు కప్పింది. మేనత్త విషయానికొస్తే, ఆమె నవ్విన ఫొటో ఒక్కటే దొరికింది, అదీ ఐస్‌క్రీమ్ తింటూ. దాన్ని షీటు నిండా పరిచాను. అన్నగారు సంతోషించి, చెల్లెలి కుటుంబానికి ఇంకో రెండు షీట్లు కలపమన్నాడు. తల్లిగారు ఫోన్ చేయలేదు.

ఆ రెండు షీట్ల పైసలు చేతిలో పడ్డాక చేర్యాల వెళ్లి కొత్త పటం చేయించుకుందామని నకాషీ ఇంట్లో కూర్చున్నాను. మొదటి గడి గణపతి అన్నాను. ఆయన తలూపాడు. రెండో గడిలో మేనత్త అన్నాను. ఆయన కుంచె పక్కన పెట్టి, ఎవరి మేనత్త, చీర రంగేంది, చేతిలో ఏముంటది అని వరసగా అడిగాడు. ఐస్‌క్రీమ్ అని చెప్పాను. ఆశ్చర్యపోలేదు.

"గీస్త గని, సగం పైసలు ముందుగాల ఇయ్యాలె" అన్నాడు.