అలకపాన్పు మీద రిసీవర్: జెర్రీ జోన్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ జెర్రీ జోన్స్ గారి సముఖానికి,

డాలస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు యజమాని, అధ్యక్షుడు, జనరల్ మేనేజర్ ముగ్గురూ మీరే కనుక, మూడు అర్జీలు పెట్టకుండా ఒక్కదానితో సరిపెడుతూ, ఫ్రిస్కో వాస్తవ్యుడైన ఒక తెలుగు అభిమాని రాసుకుంటున్న విన్నపం.

2016లో జట్టు ప్రధాన కార్యాలయాన్ని మీరు ఫ్రిస్కోకు తెచ్చినప్పటి నుంచి మీరూ, ఇక్కడి తెలుగువాళ్లూ ఇరుగుపొరుగే. క్రికెట్ పిచ్చి ఎంత ఉన్నా, సెప్టెంబర్ వచ్చేసరికి ఇక్కడ చాలా ఇళ్లలో నీలం, వెండి రంగుల జెర్సీలు బయటికొస్తాయి. ఇరుగువాళ్లన్నాక ఇంట్లో గొడవ గోడ దాటి వినిపించక మానదు.

ఆ గొడవ ఏటా ఒకటే. మార్చిలో ఆటగాళ్ల సంత మొదలయ్యేసరికి ఎక్కడో ఒక జట్టు తన రిసీవర్‌తో వేగలేక దండం పెట్టేస్తుంది. బంతి అందితే అతనంతటివాడు లేడు, అందకపోతే అతనితో పడేవాడు లేడు. అలాంటివాణ్ణి డాలస్ తెచ్చుకోవాలా, వద్దా? అభిమాని అభిప్రాయం దాపరికం లేకుండా చెబితే, తెచ్చుకోవాలి. కోపిష్టి రిసీవర్‌ను తెచ్చుకున్న రోజున మీకు పెద్దగా నష్టం రాలేదు. అతను దారికొచ్చాడని మురిసిపోయి రెండో ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున వచ్చింది.

కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1998 నాటిది మీరు మరిచిపోయి ఉండరు. మీ వంతు ఎనిమిదోది. మార్షల్ యూనివర్సిటీ కుర్రాడు రాండీ మాస్ అప్పటికింకా మిగిలే ఉన్నాడు. చిన్నతనంలో పడ్డ కేసులు చూసి జట్లన్నీ జంకాయి. మీ మైకేల్ ఇర్విన్ 1996లో మాదకద్రవ్యాల కేసు కారణంగా ఐదు ఆటలకు సస్పెండైన సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. మీరు గ్రెగ్ ఎలిస్‌ను తీసుకున్నారు. ఎలిస్ బుద్ధిమంతుడు, మంచి డిఫెండర్, పదేళ్లకు పైగా మీ దగ్గరే ఆడాడు కూడా. మాస్ మాత్రం 21వ వంతులో మిన్నెసోటాకు వెళ్లి, అదే ఏడాది థ్యాంక్స్‌గివింగ్ నాడు మీ స్టేడియానికే వచ్చాడు. ఆ రోజు పట్టింది మూడంటే మూడు క్యాచ్‌లు. మూడూ టచ్‌డౌన్‌లే, కలిపి 163 గజాలు. మిన్నెసోటా 46-36తో గెలిచింది. ఇంకో ఇర్విన్ వద్దనుకున్నారు సరే, ఆ ఇర్విన్ లేకుండా 1992, 1993, 1995 సీజన్ల సూపర్ బౌల్‌లు మూడూ ఇంటికొచ్చేవా అన్నది కూడా అడగాల్సింది.

ఇక టెరెల్ ఓవెన్స్. ఇతని కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

2000 సెప్టెంబర్ 24న శాన్ ఫ్రాన్సిస్కో తరఫున టెక్సస్ స్టేడియంలో టచ్‌డౌన్ కొట్టి, పరుగున మైదానం నడిమధ్యకు వెళ్లి, మీ జట్టు గుర్తైన నక్షత్రం మీద నిలబడి చేతులు చాచాడు. మీ ఎమ్మిట్ స్మిత్ తన టచ్‌డౌన్ తర్వాత అదే నక్షత్రం మీదికెళ్లి బదులు తీర్చాడు. ఓవెన్స్ ఊరుకోలేదు, మళ్లీ కొట్టాడు, మళ్లీ వెళ్లాడు. ఈసారి మీ జార్జ్ టీగ్ దూసుకొచ్చి పడగొట్టాడు. టీగ్‌ను ఆట నుంచి పంపించేశారు, ఓవెన్స్‌ను అతని సొంత జట్టే ఒక వారం పక్కన పెట్టింది. ఊరు ఊరంతా పగబట్టిన మనిషిని ఆరేళ్ల తర్వాత మూడేళ్లకు 2.5 కోట్ల డాలర్లిచ్చి మీరే పిలిచి, అదే నక్షత్రం ఉన్న హెల్మెట్ తొడిగారు.

మధ్యలో అతను ఫిలడెల్ఫియాను ఏం చేశాడో చూశాకే పిలిచారు. 2004లో అక్కడ 14 ఆటల్లో 14 టచ్‌డౌన్‌లు కొట్టాడు. డిసెంబర్‌లో కాలు విరిగినా, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆడి తొమ్మిది క్యాచ్‌లతో 122 గజాలు సాధించాడు. ఆ తర్వాతే జీతం పెంచమని పేచీ. 2005 ఆగస్టులో శిక్షణ శిబిరం నుంచి పంపించేస్తే, ఇంటి ముందు వాకిట్లో చొక్కా లేకుండా కెమెరాల ఎదుట సిట్‌అప్‌లు తీశాడు. మన పెళ్లిళ్లలో కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కితే మామగారు ఉంగరమో, బండో ఇచ్చి దించుతారు. కాకపోతే అది ఒక్క పూట వేడుక. ఓవెన్స్ అలక మాత్రం తీరలేదు, ఆ ఏడాది ఏడు ఆటలే ఆడాడు. నవంబర్‌లో జట్టు అతణ్ణి సస్పెండ్ చేసి మిగిలిన సీజనంతా ఇంట్లో కూర్చోబెట్టింది.

మరి డాలస్‌లో? కోచ్ బిల్ పార్సెల్స్ అతని పేరు పలకడానికి కూడా ఇష్టపడక ‘ఆ ఆటగాడు’ అనేవాడు. ఆ ఆటగాడు మూడేళ్లలో 38 టచ్‌డౌన్‌లు, 3,587 గజాలు ఇచ్చాడు. 2007లో ఒక్కడే 15 కొట్టాడు, జట్టు 13-3తో ముగించింది. ప్లేఆఫ్‌లలో గెలవని మాట నిజమే. కానీ సియాటిల్‌లో ఫీల్డ్ గోల్ కోసం పెట్టిన బంతి జారింది అతని చేతిలోంచి కాదు, క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో చేతిలోంచి. న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 21-17తో ఓడాక రోమోను ఏమీ అనొద్దని విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నవాడూ ఈ ఓవెన్సే. పెట్టిన డబ్బుకు ఇంతకన్నా గిట్టుబాటు బేరం ఏముంటుంది?

బేరం చెడింది 2008 జూన్‌లో. అప్పటికి అతనికి 34 ఏళ్లు. మీరు మురిసిపోయి నాలుగేళ్లకు సుమారు 3.4 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం రాశారు. డిసెంబర్‌కల్లా సహచరుడు జేసన్ విటెన్‌కే బంతులన్నీ వెళుతున్నాయని అలిగాడన్న వార్తలు. ఆఖరి ఆటలో ఫిలడెల్ఫియా 44-6తో చిత్తుచేసింది. 2009 మార్చిలో అతణ్ణి వదిలేశారు. బోనస్ సొమ్మును ఒప్పందం ఏళ్లకు పంచి లెక్క రాసే పద్ధతి మీకు చెప్పాలా? మనిషి వెళ్లినా, మిగిలిన బోనస్ జీతాల పరిమితి లెక్కలో అతని పేరు మీదే కూర్చుంటుంది.

అలగడం ఈ స్థానంలోనే ఉందని కూడా ఒప్పుకోవాలి. క్వార్టర్‌బ్యాక్ దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముట్టుకుంటాడు. రిసీవర్ ఆటంతా ప్రాణం పెట్టి పరిగెత్తితే పట్టుమని పదిసార్లు తనవైపు విసిరితే గొప్ప. జీతం మాత్రం ఆ క్యాచ్‌ల లెక్కనే వస్తుంది. కాబట్టి చూడాల్సింది అతనికి కోపం వస్తుందా అని కాదు, ఏ రోజు వస్తుందని. జట్టు ఓడిన రోజు వస్తే ఇర్విన్. గెలిచిన రోజున కూడా తనకు బంతులు తగ్గాయని వస్తే, బేరం అక్కడితో ఆపేయాలి.

అందరినీ తెచ్చుకోమనడం లేదు. 2019లో రైడర్స్ మూడు, ఐదు రౌండ్ల డ్రాఫ్ట్ అవకాశాలిచ్చి ఆంటోనియో బ్రౌన్‌ను పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకుంది. అతిశీతల చికిత్సలో పాదాలు కమిలిపోయాయి, నచ్చిన పాత హెల్మెట్ పెట్టుకోనివ్వలేదని ఫిర్యాదులు నడిచాయి, చివరికి ఒక్క ఆటైనా ఆడకుండానే సెప్టెంబర్‌లో వెళ్లిపోయాడు. 2022 జనవరి 2న టాంపా బే తరఫున ఆడుతూ, ఆట మధ్యలో జెర్సీ విప్పి నడిచి వెళ్లిపోయిందీ అతనే. దీనికీ అలకకూ సంబంధం లేదు. ఆడాలన్న కోరికే లేనివాణ్ణి ఏ ధరకూ కొనకూడదు. అదే రాండీ మాస్‌ను చూడండి. 2007లో న్యూ ఇంగ్లండ్ అతని కోసం ఇచ్చింది ఒక్క నాలుగో రౌండ్ అవకాశం. అతను తిరిగిచ్చింది 23 టచ్‌డౌన్‌లు, ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు.

ఈ లెక్కన మీ అసలు నష్టాలు ఎక్కడ? 2000లో జోయీ గాలోవే కోసం సియాటిల్‌కు రెండు మొదటి రౌండ్ అవకాశాలు ధారపోశారు. తొలి ఆటలోనే అతని మోకాలు పోయింది. ఆ రెంటిలో ఒకదానితో సియాటిల్ తెచ్చుకున్న షాన్ అలెగ్జాండర్ 2005లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2008లో రాయ్ విలియమ్స్ కోసం మొదటి, మూడు, ఆరో రౌండ్లు ఇచ్చారు. ఆ సీజన్‌లో మీ దగ్గర పట్టింది 19 క్యాచ్‌లు. ఇద్దరూ డాలస్‌లో గొడవలతో పేరు మోసినవాళ్లు కారు. ఆవేశపరుడైన డెజ్ బ్రయంట్ మాత్రం తొలి ఒప్పందంలో ఉండగానే 2014లో 16 టచ్‌డౌన్‌లు ఇచ్చాడు. 2015లో ఐదేళ్లకు ఏడు కోట్ల డాలర్లు రాశాక, మీ దగ్గర మళ్లీ ఏ సీజన్‌లోనూ వెయ్యి గజాలు దాటలేదు.

ఇప్పుడు జార్జ్ పికెన్స్. 2025 మేలో ఒక మూడో రౌండ్, ఒక ఐదో రౌండ్ ఇచ్చి పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకున్నారు. అతను ఇంకా ఎదగాలని అక్కడి అప్పటి కోచ్ మైక్ టామ్లిన్ బాహాటంగానే అని ఉన్నాడు. ఇక్కడ 1,400 గజాలు దాటాడు. నవంబర్‌లో లాస్ వేగస్‌లో వేళ మీరినందుకు అతణ్ణీ, మరో రిసీవర్ సీడీ లాంబ్‌నూ కోచ్ ఆట ఆరంభంలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. లేచొచ్చాక పికెన్స్ తొమ్మిది క్యాచ్‌లు పట్టాడు. ఆ బెంచీయే అసలు కాపలా. కోచ్ మాటకు యజమాని అడ్డుపడకపోతే చాలు.

అభిమాని కోరేది ఇంతే. లాంబ్‌కు 2024లోనే నాలుగేళ్లకు 13.6 కోట్ల డాలర్లు రాసిచ్చారు, ఉన్నది ఒక్కటే బంతి. పికెన్స్‌ను ఉంచుకోండి, ఏడాదికి ఎంత అడిగినా ఇవ్వండి, కానీ ఏళ్లు మాత్రం ఇవ్వకండి. ఫ్రాంచైజీ ట్యాగ్ అనే ఏడాది పగ్గం లీగ్ మీ చేతికిచ్చింది. దానికి అతను అలుగుతాడు, అలగనివ్వండి. అలిగినవాడు సెప్టెంబర్‌లో ఎలా పరిగెడతాడో ఓవెన్స్ దగ్గర మీరు మూడు సీజన్లు చూసినవారే.

ఇట్లు,
టికెట్ ధర చూసి టీవీ ముందే సర్దుకునే మీ ఇరుగువాడు

తా.క.: ఈ ఉత్తరం మీ అబ్బాయి స్టీఫెన్ గారికి కూడా చూపించగలరు. ఒప్పందాల లెక్కలు ఆయన చూస్తారు కాబట్టి, సంతకం రోజున పెన్ను ఆయన జేబులో ఉండేలా చూసుకుంటే మరీ మంచిది.