పిచ్చుక తోక పట్టుకోవడం

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల్ని ఇమిగ్రేషన్ వాళ్ళు మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు. మొదటి నెల ఊళ్ళు చూడటంతో, రెండో నెల మనవడి డైపర్లతో గడిచిపోతాయి. మూడో నెల నుంచే అసలు సమస్య. కారు నడపడం రాదు, గడప దాటితే పలకరించే నాథుడుండడు.

ఫ్రీమాంట్‌లో దిగినవాళ్ళం మేం కాస్త నయం. అక్కడ లేక్ ఎలిజబెత్ ఉంది. చుట్టూ దాదాపు రెండు మైళ్ళ బాట. పొద్దున్నే ఆ బాట మీద మంకీ క్యాపులతో మనవాళ్ళు బయల్దేరతారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు కాస్త వెనక. ముందు గుంపులో హెచ్-1బి గొడవ, వెనక గుంపులో కోడళ్ళ గొడవ. ఇద్దరికీ ఉమ్మడి ప్రశ్న ఒకటుంది: "మీవాడికి గ్రీన్‌కార్డు వచ్చిందాండీ?" రాలేదని నిన్న చెప్పినా సరే, రాత్రికి రాత్రి వచ్చేసిందేమోనని మళ్ళీ అడుగుతారు. ఆ ప్రశ్న తప్పించుకోడానికే మేం బాట దిగి గడ్డిలోకి నడిచాం.

గడ్డిలో చైనా పెద్దవాళ్ళు వరసల్లో నిలబడి చేతులు ఆడిస్తున్నారు. "ఏమిటే వీళ్ళు, గోడ లేనిచోట సున్నం వేస్తున్నారు?" అన్నారు మావారు. ఆయన రెవెన్యూలో రిటైరయ్యారు. ఎవరేం చేస్తున్నా పక్కన నిలబడి తనిఖీ చేస్తేగానీ తోచదు. ఆ తనిఖీలో ఉండగానే ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ వచ్చి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరసలో నిలబెట్టేసింది. తాయ్ చీ నాకలా తగులుకుంది.

మొదటి కదలికలో చేతులు రెండూ భుజాల దాకా లేపి దించాలి. ఇంతేనా అనుకున్నాను. ఆ మాట మోకాళ్ళు విన్నట్టున్నాయి. ఎందుకంటే ఇందులో మోకాలు ఎప్పుడూ పూర్తిగా నిటారు కాకూడదు. ఒంటి బరువంతా ఒక కాలి మీదికి చేరి, రెండోది ఖాళీ అయ్యాకే అడుగు కదపాలి. మొత్తం వరస చేస్తే అయిదారు నిమిషాలే. అది పూర్తయ్యేసరికి తొడలు మిక్సీ వేసినట్టు వణికాయి.

దానికంటే కష్టం నెమ్మది. పల్లెవెలుగు బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టిన చెయ్యి నాది. మూడు పొయ్యిల మీద వంట చేసి, డబ్బాలు కట్టి, పదింటికల్లా బ్యాంకు కౌంటర్లో కూచున్నదాన్ని. నా చెయ్యి తొందరపడ్డప్పుడల్లా ఎర్ర టోపీ ఆవిడ ఒక్క వేలితో నొక్కి ఆపేది. చేతులు ఆగేవి, మనసు మాత్రం ఇంటికెళ్ళి పప్పు కడిగేది.

ఎవరి మనవరాలో కదలికల పేర్లు ఇంగ్లీషులో రాసిచ్చింది. గుర్రం జూలు విడదియ్యడం, తెల్ల కొంగ రెక్కలు విప్పడం, పిచ్చుక తోక పట్టుకోవడం, కోతిని తోలడం. పిచ్చుక నాకు ఇప్పటికీ చిక్కలేదు. మావారికి మాత్రం కోతి మొదటిరోజే వచ్చేసింది. వెనక్కి అడుగులేస్తూ అరచేత్తో ముందుకి తొయ్యాలి. మా డాబా మీద వడియాల కాపలాలో ఏళ్ళ తరబడి ఆయన చేసిన పని అదే.

"యుద్ధవిద్య అంటున్నారు, ఇంత తీరిగ్గా కొడితే ఎవడు నిలబడి తింటాడు?" అని ఆయనకో సందేహం. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగో అనే పల్లెలో, చెన్ వంశంలో పెరిగిన విద్య ఇది. వాళ్ళ పద్ధతిలో నేల దద్దరిల్లే తొక్కుళ్ళూ, ఉన్నట్టుండి విసిరే గుద్దులూ ఇప్పటికీ ఉన్నాయి. యాంగ్ లూచాన్ అక్కడ నేర్చుకుని 19వ శతాబ్దంలో బీజింగ్‌లో నేర్పాడు. ఆ యాంగ్ పద్ధతినే 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ 24 కదలికలకి కుదించింది. పార్కుల్లో ఎక్కువగా కనిపించేది అదే. సర్కారు ముద్ర ఉందని తెలిశాక మావారు కూడా బూట్లు బిగించి వరసలోకి వచ్చేశారు.

ప్రాణశక్తి పారి షుగరు మాయమవుతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. నా మాత్ర నేను మానలేదు. కానీ ఒరెగాన్‌లో ఫుజోంగ్ లీ బృందం 70 ఏళ్ళు నిండిన, పడిపోయే ప్రమాదం ఉన్న 670 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్ళతో పోలిస్తే, తాయ్ చీ చేసినవాళ్ళు పడిపోవడం ఆర్నెల్లలో 58 శాతం తక్కువ. ఆర్నెల్లంటే సరిగ్గా మాకిచ్చిన గడువు. ఈ వయసులో బాత్రూంలో కాలు జారకుండా ఉండటం కంటే పెద్ద సిద్ధి ఏముంది?

ఆ చైనా పెద్దవాళ్ళూ మాలాగే మనవల కోసం వచ్చినవాళ్ళు. అయిపోయాక ఫ్లాస్కుల్లోంచి వేడినీళ్ళు తాగుతూ ఫోన్లలో పిల్లల ఫొటోలు చూపిస్తారు. మావారూ ఒక చైనా తాతగారూ, ఒకరి మాట ఒకరికి తెలియకుండానే, గంటసేపు మాట్లాడుకుంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఏకబిగిన అంతసేపు మాట్లాడింది లేదు. గ్రీన్‌కార్డు వచ్చిందా అని వాళ్ళు అడగరు. అడిగినా మాకు తెలియదు.

ఎర్ర టోపీ ఆవిడ పెరట్లో బూడిద గుమ్మడి కాసింది. వాళ్ళు సూప్ చేసుకుంటారట. నాకిచ్చిన కాయతో వడియాలు పెట్టి, వేయించి పట్టుకెళ్ళాను. మర్నాడు అంతకంటే పెద్ద కాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆర్డరన్నమాట.

ఆ వైపు వస్తే మీరూ గడ్డిలోకి రండి. ఫీజు లేదు, భాష రానక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులుంటే ముందు డాక్టర్ని అడగండి, మరీ కిందికి వంగకండి. వడియాలు తెచ్చేటట్టయితే గుమ్మడి వడియాలే తెండి. సగ్గుబియ్యానివి ఆవిడకి నచ్చలేదు.